కంబంలో ఉబ్బిన తాడు

ఓబుళేసు బుద్ధెరిగినప్పటి నుంచి, ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలి బతికినవాడు. వానలు మొహం చాటేసి బావులు ఎండిపోయాక ఎద్దుల్ని అమ్ముకున్నాడు. మోకులు పేనే చేతులు మాత్రం మిగిలాయి. ఇక బళ్ళారి వైపు కాలువ మట్టిపనికి పోవడం తప్ప దారి లేదని భార్య కదిరమ్మ మూట కూడా కట్టేసింది. అప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు నుంచి కబురొచ్చింది.

ఆఫీసు ముందున్న జెండా కంబం బోలు ఇనుప గొట్టం. తాడు బయటివైపు నుంచి పైకి పోయి, కొనన ఉన్న కప్పీ దాటి, గొట్టం లోపల్నుంచి దిగి, అడుగున ఉన్న కంతలోంచి బయటికొస్తుంది. ఏ మహానుభావుడికి పుట్టిన బుద్ధో గాని, ఆ తాడు చీకిపోతే మార్చడం ఊళ్ళో ఎవడికీ చేతకాలేదు.

"ఎల్లుండి పెద్దాఫీసరు వస్తాండాడు. రేపటికి తాడు మార్చినావంటే ఆఫీసు పనికి నిన్నే పెట్టుకుంటా," అన్నాడు ప్రెసిడెంటు.

ఆఫీసు చిమ్మే నల్లప్ప ముసలివాడైపోయాడు, ఆయనకు తోడుగా కాబోలు అనుకున్నాడు ఓబుళేసు. ఊరు వదిలే పని తప్పుతుందని ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే కిత్తనారతో తాడు పేని, తొట్టిలో నానేశాడు. కపిల తోలేవాడి అలవాటు యాడికి పోతుంది? కొత్త మోకును నానబెట్టనిదే బావిలోకి దించరు. తాగే నీళ్ళు తాడుకు పోశాడని కదిరమ్మ తిట్టిన తిట్లు వీధంతా విన్నది.

పొద్దున్నే పాత తాడు బయటి కొసకు కొత్తదాన్ని ముడేశాడు. నల్లప్ప అవతల నిలబడి కొత్త తాడు అందిస్తుంటే, ఓబుళేసు కంత దగ్గర కూర్చుని పాతదాన్ని లాగాడు. ముడి కప్పీ దాటింది, గొట్టంలోకి దిగింది. అక్కడితో సరి. నీళ్ళు తాగి ఉబ్బిన తాడు గొట్టంలో బిర్రుగా ఇరుక్కుంది. కాలు తన్ని లాగితే పాత తాడు పోగులు చిటచిటమన్నాయి.

"లాగొద్దప్పా!" అని అరిచాడు నల్లప్ప. "పాతది తెగిందంటే కంబం పెరికి పండేయల్సిందే. ఎండ కొడ్తాండాది కదా, ఆరనీ."

ఇద్దరూ గోడ నీడన కూలబడ్డారు. ఊరికే కూర్చోవడంలో ఇంత అలసట ఉంటుందని ఓబుళేసుకు అంతవరకు తెలియదు. గంటకొకసారి లేచి లాగి చూడటం, చేతులు కాల్చుకుని మళ్ళీ కూర్చోవడం. నల్లప్ప తన సంగటిలో సగం తుంచి పెట్టాడు. తింటూ ఓబుళేసు బళ్ళారి మూట సంగతి చెప్పాడు.

"ఈడ పెద్ద పనేం ఉండదులే. చిమ్మల్ల, కుండలు నింపల్ల. నువ్వొస్తే నా నడుముకు రవ్వంత సుఖం," అన్నాడు.

పొద్దు వాలే వేళకు తాడు కదిలింది. చూస్తుండగానే కంతలోంచి కొత్త కొస బయటికొచ్చింది. ఓబుళేసు దాన్ని పిడికిట పట్టుకుని అట్లే కూర్చుండిపోయాడు. లేచే ఓపిక లేదు.

అంతలో ప్రెసిడెంటు వచ్చాడు. "ఒక్క తాడుకు పొద్దంతానా? ఏం చేస్తాండారప్పా?"

"తాడు తడిసి ఉబ్బింది సార్," అన్నాడు నల్లప్ప.

"ఎవురు తడిపింది?"

ఓబుళేసు నోరు తెరిచాడు. కదిరమ్మ కట్టిన మూట కళ్ళముందు కదిలింది.

నల్లప్ప వాడి మొహం చూశాడు. "నేనే సార్, తెలీక. నాలుగు తిట్టండి," అన్నాడు.

ప్రెసిడెంటు తిట్టలేదు. "నిన్ను తీసేయల్లని ఎప్పట్నుంచో అనుకుంటాండా. రేపట్నించి రాబాకు. ఓబుళేసూ, ఆఫీసు బీగాలు తీసుకో," అని వెళ్ళిపోయాడు.

ఓబుళేసుకు సిగ్గేసింది. "అన్నా, నేను పోయి నిజం చెప్తా..." అన్నాడు, లేవకుండానే.

"ఇప్పుడు చెప్తే నీదీ పోతాది, నాదీ రాదు. ఊరుకో."

నల్లప్ప మొలతాడు నుంచి బీగాల గుత్తి విప్పి వాడి పక్కన పెట్టాడు. తువ్వాలు దులుపుకుని రెండడుగులు వేసి, మళ్ళీ ఆగాడు.

"ఏమప్పా, నువ్వు పోవల్లనుకుంటివే, ఆ బళ్ళారి కాలువ పని... ఆడ నాయంత ముసిలోళ్ళను పెట్టుకుంటారా?"