గ్లౌజు తీసే గుమ్మం

ఆ మేడలో మూడో అంతస్తు చివరి వాటాలో ఉండే ఆవిడని అందరూ సిస్టరమ్మ అంటారు. ఆస్పత్రి ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయింది, పిలుపు మాత్రం వదల్లేదు. మనిషి మంచిదే కానీ, చెత్త దగ్గర ఆవిడతో వేగడం ఎవరి తరమూ కాదు. గుమ్మం బయట రెండు డబ్బాలు, ఒకటి తడికి, ఒకటి పొడికి. పాల ప్యాకెట్ కత్తిరించి, కడిగి, తీగ మీద ఆరేసి, మడిచి మరీ పొడి డబ్బాలో పెట్టేది. కత్తిరించిన మూల ముక్కని కూడా ఆ ప్యాకెట్‌లోకే దూర్చేది. అట్టపెట్టెకి అంటుకున్న టేపుని గోటితో గీకి తీసేది. పక్క వాటా కోడలు చూసి, "ఆవిడ చెత్త మా ఇంటి గిన్నెల కంటే శుభ్రంగా ఉంటుందండీ బాబూ" అని నవ్వేది. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు!

వాళ్ళకి ఆవిడ బొటనవేలి కథ తెలియదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, వార్డులో దూది వేసే సంచీకి మూతి కడుతుంటే, ఎవరో మహానుభావులు అందులో పారేసిన సూది ఆవిడ బొటనవేల్లో దిగింది. ఎవరికి పొడిచిన సూదో, ఏ రోగం మోసుకొచ్చిందో తెలియదు. పరీక్షల్లో సంగతి తేలడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఇంట్లో ఆవిడ గ్లాసు వేరు, కంచం వేరు, సబ్బు వేరు. తోడబుట్టిన అక్కే తన పసిపిల్లని ఎత్తుకోనివ్వలేదు. అప్పటికే కుదిరిన సంబంధం వాళ్ళు "కొన్నాళ్ళాగి చూద్దాం" అన్నారు. చివరికి ఏ రోగమూ లేదని తేలింది. ఆవిడ గ్లాసు మళ్ళీ అందరి గ్లాసుల్లో కలిసింది. ఆగి చూద్దామన్న వాళ్ళు మాత్రం ఆగిన చోటే ఆగిపోయారు. తర్వాత ఇంకో సంబంధం చూసే ఓపిక ఇంట్లోనూ లేకపోయింది, ఆవిడకీ లేకపోయింది.

ఆ సూది పారేసింది ఎవరో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఏం చేసేదో కూడా తెలియదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కొత్త నర్సులు ఎవరొచ్చినా వాళ్ళకి రెండే ముక్కలు చెప్పేది. "ఎవరిదో బద్ధకం, ఎవరిదో బతుకు" అన్నది మొదటిది. "నమ్మకం లేని చోట గ్లౌజు తియ్యకండర్రా" అన్నది రెండోది.

ఇక చెత్త తీసుకెళ్ళే ఆవిడ. ఆ వీధి ఆవిడకి పెట్టుకున్న పేరు సైరన్. పెట్టినవాళ్ళని తప్పు పట్టలేం. కింద బండి ఆపి "చెత్తా!" అని ఒక్క కేక వేసిందంటే నాలుగో అంతస్తులో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చోవాల్సిందే. తర్వాత రెండు గోతాలు భుజాన వేసుకుని, గ్లౌజులు తొడుక్కుని, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతూ మెట్లెక్కేది. తడి డబ్బాలో చెయ్యి పెట్టి అడుగుదాకా కలియబెట్టి చూశాకే గోతంలో వంచేది. తడి చెత్తని ఎరువు చేసేచోట ఒక్క ప్లాస్టిక్ ముక్క కనపడినా బండి మొత్తం వెనక్కి తిప్పి పంపేస్తారు మరి. తప్పు దొరికిందా, ఆ ఇంటి బెల్లు మీద వేలు పెట్టి తలుపు తీసేదాకా తియ్యదు.

"ఏం బాబూ, అరటి తొక్కల్లో బ్లేడు వేశావు? తొక్కకి గడ్డం గీద్దామనా?"

"ఇదేంటమ్మా, వంకాయ ముచ్చికల్లో బ్యాటరీ? వంకాయ గానీ టార్చిలైటులా వెలుగుద్దా ఏంటి?"

ఆ మేడలో ఆవిడ చేతిలో తిట్లు తినని గడప ఒక్కటే, సిస్టరమ్మది. అక్కడ తప్పు దొరికితేగా! సైరన్ వచ్చేది, డబ్బాలు వంచేది, వెళ్ళిపోయేది. లోపల సోఫాలో కూర్చున్న సిస్టరమ్మకి డబ్బా కింద పెట్టిన చప్పుడు వినపడేది. ఆ రోజుకి గుమ్మం ముందు అయ్యే చప్పుడు అదే.

అక్క కూతురు ఆదివారం ఫోన్ చేసేది. "బాగున్నావా పిన్నీ? మందులు వేసుకుంటున్నావా పిన్నీ?" అటు టీవీ మోగుతూ ఉండేది. పట్టుమని నాలుగు మాటలు అయ్యేలోపే, "సరే పిన్నీ, ఉంటా మరి." మిగతా రోజుల్లో సిస్టరమ్మతో మాట్లాడే దిక్కు లేదు. ఒక్కోసారి సాయంత్రం కొట్టుకి వెళ్ళి బ్రెడ్డు అడిగితే, గొంతు పెగలక పైకి రాని మాటని దగ్గి తెచ్చుకోవాల్సి వచ్చేది. పొద్దున్నించీ అదే మొదటి మాట అని అప్పుడు తెలిసేది. ఒంటరితనం అని పెద్ద పేరు పెట్టి చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం ఉండదు కానీ, అది ఒంటరితనమే.

ఒకరోజు మందుసీసా మూత చెయ్యి జారి టీ పొడి పిప్పిలో పడింది. ఆవిడ చూసుకోలేదు. మర్నాడు పొద్దున బెల్లు మోగింది. అసలు తన ఇంటి బెల్లు ఎలా మోగుతుందో కూడా మర్చిపోయిన మనిషి, ఉలిక్కిపడి లేచి వెళ్ళింది.

"సిస్టరమ్మా! మీరు కూడానా!" సైరన్ మూత పైకెత్తి పట్టుకుని ఉంది. "ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో!"

"అయ్యో, చూసుకోలేదే."

"పోన్లెండి. కళ్ళద్దాలు మార్చుకోవాలేమో. కాసిని మంచినీళ్ళు ఇస్తారా? ఈ మెట్లు నా మోకాళ్ళని తినేస్తున్నాయి."

నీళ్ళు తాగింది. గుమ్మానికి ఆనుకుని మోకాళ్ళ సంగతి చెప్పింది. కోడలు తనతో మాట్లాడడం మానేసిన సంగతి, అలా మానేశాకే ఇల్లు ప్రశాంతంగా ఉన్న సంగతి చెప్పింది. సిస్టరమ్మ మోకాలు నొక్కి చూసి, రాత్రి దిండు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పింది. అంతే, అంతకంటే ఏం లేదు. కానీ ఆ రోజంతా సిస్టరమ్మకి ఇంట్లో ఎవరో ఉన్నట్టే అనిపించింది. ఆ సీసా మూతని పారెయ్యకుండా కిటికీ గట్టు మీద పెట్టుకుంది.

మర్నాడు డబ్బాలో తప్పు లేదు, బెల్లూ లేదు. ఆ మర్నాడూ అంతే. మూడోనాడు సిస్టరమ్మ ఒక పాత పెన్ను క్యాప్ చేతిలో పట్టుకుని తడి డబ్బా ముందు నిలబడింది. ఆ బొటనవేలున్న చేత్తోనే. "ఛీ, ఏం పనే ఇది" అని పైకే అనుకుంది. పెన్ను క్యాప్ ఎవరిని పొడుస్తుంది, ఎవరిని కోస్తుంది అని కూడా అనుకుంది. వేసేసింది.

బెల్లు మోగింది! సైరన్ తిట్టింది, నీళ్ళు తాగింది, దిండు పెట్టుకుంటే మోకాలు కాస్త నయమని చెప్పింది. ఆ తర్వాత ఒకసారి రబ్బరు బ్యాండు, ఒకసారి టూత్‌పేస్టు మూత, ఇంకోసారి బిస్కెట్ ప్యాకెట్ కాగితం. రోజూ వేస్తే అనుమానం వస్తుందని మధ్య మధ్య ఆపేది. వేసిన రోజు ముందుగానే టీ పెట్టేది. ఆ వయసులో ఆ దొంగతనం ఏమిటో! చిన్నపిల్లలు నయం, కనీసం పట్టుబడతారు.

కానీ తిట్టేవాళ్ళకి కూడా విసుగు పుడుతుంది. కొన్నాళ్ళకి సైరన్ బెల్లు కొట్టడం మానేసింది. తప్పు దొరికితే తీసి పొడి గోతంలో పడేసి వెళ్ళిపోయేది. "పాపం పెద్దావిడ, చూపు ఆనట్లేదు" అని పక్క వాటా కోడలితో అంటుంటే తలుపు వెనక నిలబడ్డ సిస్టరమ్మ విన్నది. అలా వరసగా ఎన్ని రోజులు గడిచాయో, పెట్టిన టీ అన్ని రోజులూ సింకులోకే పోయింది.

అప్పుడు ఆవిడకి పట్టుదల వచ్చింది. పట్టుదల అనాలో, తెగులు అనాలో! చిన్న మూతలతో లాభం లేదు, పెద్దది ఏదైనా వెయ్యాలి అనుకుంది. వంటింట్లో పాలపొడి డబ్బా ఖాళీ అయింది. దాని రేకు మూత సగం తెగి, అలాగే వేలాడుతోంది. పైన పెడితే తీసి అవతల పడేస్తుంది. అడుగున పెడితే చేతికి తగులుతుంది, కోపం వస్తుంది, బెల్లు కొడుతుంది. రేకుకి పదును ఉంటుందని నర్సుకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే మూతని డబ్బా లోపలికి బాగా వంచి నొక్కింది. నొక్కాను కదా అని మనసుకి చెప్పుకుంది. దాన్ని తడి డబ్బా అడుగున పెట్టి, పైన కూరగాయల తొక్కలు కప్పి, స్టవ్ మీద టీ పెట్టి, సోఫాలో కూర్చుంది.

బెల్లు మోగింది. కానీ ఒక్కసారే, పొట్టిగా.

తలుపు తీసేసరికి సైరన్ కుడిచేతిని ఎడమచేత్తో బిగించి పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళ మధ్య నుంచి నెత్తురు గుమ్మం మీద పడుతోంది. వంచిన రేకు పైకి లేచి ఉంది. అరచేయి బొటనవేలి మొదట్నించి అడ్డంగా తెగింది. సిస్టరమ్మ చేతులు వాటి పని మర్చిపోలేదు. లోపలికి లాక్కెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. కుళాయి కింద కడిగి, గుడ్డ పెట్టి అదిమింది, మందు వేసి కట్టు కట్టింది.

"ఆస్పత్రికి వెళ్ళి కుట్టు వేయించుకోవాలి. ఇంజెక్షన్ కూడా. ఇప్పుడే వెళ్ళాలి, విన్నావా?"

"వింటున్నాలెండి. ఈ చెత్త పనిలో ఇది కొత్తా ఏంటి?"

అప్పుడు సిస్టరమ్మకి సైరన్ నడుం దగ్గర చీర కుచ్చిళ్ళలో దోపిన గ్లౌజులు కనపడ్డాయి. ఒక్కసారిగా ఎక్కడలేని కోపం వచ్చింది. "గ్లౌజులు ఉంచుకుని వేసుకోకుండా చెయ్యి పెడతావా? బుద్ధుందా నీకు?"

"వేసుకుంటా అమ్మా. కింద గుమ్మం నుంచి వేసుకునే వస్తా." సైరన్ గొంతు మొదటిసారి మామూలు మనుషుల గొంతులా ఉంది. "మీ గుమ్మం దగ్గరే తీసేస్తా. లోపలంతా చెమట పట్టి చేతులు నానిపోతాయి. మీ డబ్బాలో భయం లేదు కదా. మహా అయితే ఏ మూతో, కాగితమో. ఈ మేడ మొత్తానికి నా చేతులకి గాలి తగిలేది ఇక్కడే."

వంటింట్లో టీ పొంగి స్టవ్ మీద పడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

ఊరుకుంటే సరిపోయేది. కళ్ళద్దాల సాకు సైరనే చేతికి అందించి పెట్టింది. "కళ్ళు కనపడక" అని ఒక్క మాట అంటే రేపూ బెల్లు మోగుతుంది, ఎల్లుండీ మోగుతుంది. ఉన్న ఒక్క మనిషీ ఉంటుంది. కానీ ఒళ్ళో ఉన్న ఆ కట్టు కట్టిన చెయ్యి వంక చూస్తుంటే, ఏనాడో దూది సంచీ ముందు నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. ఆ సూది పారేసిన మనిషి ఎలా ఉంటుందా అని ఇన్నేళ్ళూ ఊహించుకుంది. ఇలా ఉంటుందన్నమాట.

"నాకు కళ్ళు బాగానే కనపడతాయే," అంది. "కావాలనే వేశా. అన్నీ కావాలనే వేశా."

"ఎందుకు?"

"నువ్వు బెల్లు కొడతావని."

సైరన్ కుర్చీలోంచి లేచింది. కేకలు వేస్తే బాగుండును అనుకుంది సిస్టరమ్మ. మేడంతా వినపడేలా తిట్టినా బాగుండును. సైరన్ తిట్టలేదు. "ఇంకెవరన్నా అయితే ఆ డబ్బా నెత్తిన బోర్లించేదాన్ని" అని మెల్లగా అని, ఎడమచేత్తో గోతాలు ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఒక మగమనిషి వచ్చేవాడు. కేక లేదు, పాడు లేదు. డబ్బాలు వంచి విసిరి వెళ్ళేవాడు. తడిలో ఏముందో, పొడిలో ఏముందో చూసేవాడు కూడా కాదు. మేడ వాళ్ళంతా హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. సిస్టరమ్మ మాత్రం తొక్కల్ని కూడా ఒక్కొక్కటీ చూసి వేసేది. పొద్దున్నే తలుపు వెనక నిలబడి మెట్ల మీద అడుగులు వినేది. కుట్లు విప్పి ఉంటారా, చీము పట్టిందేమో, వేళ్ళు మడత పడుతున్నాయో లేదో. అడగడానికి ఆవిడ ఇల్లెక్కడో తెలియదు, అసలు పేరు కూడా తెలియదు. ఆదివారం ఫోన్ వస్తే, "బాగున్నావా పిన్నీ" అన్న మాటకి "లేదే" అంది. అటు టీవీ మోతలో అది వినపడలేదు. "సరే పిన్నీ, ఉంటా మరి."

ఒక పొద్దున వీధిలోంచి "చెత్తా!" అని కేక లేచింది. సిస్టరమ్మ చేతిలో గ్లాసు పక్కన పెట్టి తలుపు దగ్గరికి వచ్చింది. మొదటి అంతస్తులో ఎవరికో తిట్లు. రెండో అంతస్తులో ఇంకెవరికో. తలుపుకున్న కంతలోంచి చూస్తూ నిలబడింది. సైరన్ గుమ్మం ముందుకొచ్చి గోతాలు దించింది. మొదట పొడి డబ్బా వంచింది. తర్వాత తడి డబ్బా మీదకి వంగి, చేతుల వంక ఒకసారి చూసుకుంది. రెండు గ్లౌజులనీ మణికట్టు దాకా గట్టిగా లాగి, అప్పుడు చెయ్యి లోపల పెట్టింది. అడుగుదాకా కలియబెట్టింది. ఏం దొరకలేదు. దొరకదని సిస్టరమ్మకి తెలుసు. డబ్బా వంచి, కింద పెట్టి, వెనక్కి తిరిగింది.

తిరిగి, ఆగింది. బెల్లు నొక్కింది.

సిస్టరమ్మ తలుపు తీసింది. "ఏమన్నా తప్పుందా?"

"ఏం లేదు. ఊరికే కొట్టా." సైరన్ గుమ్మానికి ఆనుకుంది. "టీ ఉందా?"

ఉంది. ఎందుకు ఉండదు? గ్లాసు తెచ్చి ఇచ్చేసరికి సైరన్ చెయ్యి చాపింది, గ్లౌజు అలాగే తొడిగి ఉంది. ఆ రబ్బరు వేళ్ళ మధ్య గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగింది. మోకాలు ఫరవాలేదంది. కోడలు మళ్ళీ మాట్లాడుతోంది, ఖర్మ, అంది. సిస్టరమ్మ అన్నిటికీ ఊ కొట్టింది, కానీ కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి.

సైరన్ గమనించింది. గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుని, గ్లౌజు అంచు పట్టుకుని ఏదో అనబోయింది.

"ఉంచుకో," అంది సిస్టరమ్మ. "తియ్యకు."

సైరన్ అంచు వదిలేసింది. "రేపు కూడా కొడతాలెండి" అని ఖాళీ గ్లాసు గుమ్మం మీద పెట్టి మెట్లు దిగింది. సిస్టరమ్మ ఆ గ్లాసు లోపలికి తెచ్చి, తన గ్లాసుతో పాటే కడిగి, రెండూ పక్కపక్కన బోర్లించింది.