కేసు పడని కొడుకు

ఇట్లా దగ్గరికి జరగండి బిడ్డలూ, ఆ ఫోన్లు పక్కన పడేసి. గోపన్‌పల్లి ఎల్లయ్య సంగతి చెబుతాను. పెద్ద మనిషేం కాదు, ఆయన పేరు మీరు వినే ఉండరు. అందుకే చెబుతున్నాను.

పొద్దున్నే మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ గేటు ముందు నిలబడి, కర్రకు బిగించిన గుండ్రటి అద్దాన్ని కార్ల కిందికి తోసి చూస్తున్నాడు ఎల్లయ్య. సన్నటి మనిషి. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా భుజాల మీది నుంచి జారుతుంటుంది. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడుచుకున్నాడు. ఆ మేడ కట్టేటప్పుడు సిమెంటు తట్టలు మోసిందీ ఆయనే, కట్టాక దానికి కాపలా నిలిచిందీ ఆయనే. గోడలు లేనప్పుడు పై అంతస్తు ఎక్కాడు గాని, అద్దాలు పెట్టాక మళ్లీ ఎక్కలేదు.

ఆ రోజు ఆయన కళ్లు మాటిమాటికీ రోడ్డు మీదికి పోతున్నాయి. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, ఆటోలు లేవు. మర్నాటి నుంచి రైళ్లు కూడా ఆపుతామన్నారు. కొడుకు రాజేందర్ మిలటరీకి ఎంపికయ్యాడు. ఆ మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలెక్కితేనే నాసిక్‌లో ట్రైనింగుకు చెప్పిన రోజున చేరతాడు. దారిలో ఏ ధర్నాలోనో పోలీసులకు చిక్కి కేసు పడిందా, ఎంపికైనా సరే ఇంటికి పంపేస్తారు. అందుకే వారం నుంచి కొడుకును గడప దాటనివ్వలేదు ఎల్లయ్య. దోస్తులు వాకిట్లోకి వచ్చి, "ఏందిరా, నీది తెలంగాణ కాదా?" అని అరిచిపోయేవాళ్లు. రాజేందర్ పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ తెల్లవారుజామున తండ్రి వెంట చీకట్లో నడిచొచ్చి గేటు గదిలో కూర్చున్నాడు.

ఆ ఊరి సంగతి కూడా చెప్పాలి మీకు. గోపన్‌పల్లిలో భూమిని ఎకరాల్లో చెప్పుకున్నన్నాళ్లూ, కోడి కూయగానే పిల్లలంతా మట్టిబాటన ఉరికేవాళ్లు, మిలటరీ సెలక్షన్ల కోసం. గజాల్లో అమ్మడం మొదలయ్యాక ఒక్కొక్కరే మానేశారు. వాళ్లదేం తప్పు? కడుపులో చల్ల కదలకుండా బతికే దారి దొరికాక సరిహద్దుకు ఎవరు పోతారు? గుంటెడు భూమి లేని ఎల్లయ్య కొడుకు ఒక్కడే ఉరుకుతూ మిగిలాడు.

ఆఫీసు మేనేజరు శ్రీనివాసరావు గారు కూడా అదే మధ్యాహ్నం విజయవాడ రైలెక్కాలి. ఆయనను దింపే కంపెనీ కారులో ముందు సీట్లో ఒక సెక్యూరిటీ మనిషి తోడుండాలి. ఎల్లయ్య చేతులు కట్టుకుని అడిగాడు.

"సార్, నేనొస్త. మా పిలగాన్ని గూడ జర ఎక్కించుకోరాదుండ్రి."

కారు కదిలాక, తన పక్కన ట్రంకుపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాజేందర్‌ను రావు గారు ఎగాదిగా చూశారు.

"మిలటరీయే ఎందుకయ్యా? ఇక్కడే ఏదో ఒకటి చూసేవాణ్ణిగా. మా రవికిరణ్ కూడా ఒకసారి వెళ్తానన్నాడు. వాళ్లమ్మ అన్నం మానేసింది. ఇప్పుడు బెంగుళూరులో హాయిగా ఉన్నాడు."

"వీళ్లమ్మ గూడ తింటలేదు సార్," అన్నాడు ఎల్లయ్య ముందుకే చూస్తూ. "అయినా పంపుతున్నం."

మాదాపూర్ దాటకముందే కారు ఆగిపోయింది. నడిరోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి పెద్ద గంజులో అన్నం వండుతున్నారు. వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా మోటారుసైకిళ్లు. ఐటీ కార్లను ఆపాలని చుట్టుపక్కల ఊళ్ల పిల్లలంతా ఆ రోజు అక్కడికే వచ్చారు. అద్దాల మీద అరచేతులు దబదబ పడ్డాయి.

"దిగుండ్రి, దిగుండ్రి! బంద్ రోజు ఆఫీసేంది?"

రావు గారి నుదుట చెమట పట్టింది. గరిటె చేతపట్టుకుని ఒకడు వంగి లోపలికి చూశాడు. రమేష్. ఒకప్పుడు రాజేందర్ పక్కన ఉరికినవాడే, తండ్రి రెండెకరాలు ప్లాట్లు చేశాక మానేశాడు. ఎల్లయ్య కొడుకును ముఖ్యంగా వీడికే దూరంగా ఉంచాడు.

"అరె, మిలటరీ దొర! ఏసీ కార్ల పోతున్నవా? రా, బుక్కెడు తిని పో."

రాజేందర్ చెయ్యి తలుపు మీదికి పోయింది. "దిగుతున్నరా. వారం సంది మాటలు పడుతున్న, ఇగ చాలు."

ఎల్లయ్య వెనక్కి తిరిగి కొడుకు చొక్కా అందుకోబోయాడు. తలుపు సగం తెరుచుకుంది. అంతలో వెనకనుంచి పోలీసు వ్యాను మోత వినిపించింది.

రమేష్ అటు చూశాడు. గరిటె పారేసి, మోకాలితో తలుపును నెట్టి మూసేశాడు.

"దిగకురా! నా మీద కేసు పడితే మా నాయిన ఇంకో ప్లాటు అమ్మి వకీలును పెడతడు. నీకేమున్నది? కాకా, వాణ్ని గట్టిగ పట్టుకో. పోండ్రి!"

అడ్డంగా ఉన్న తన కొత్త నల్ల బండిని తనే పక్కకు లాగి సందిచ్చాడు. కారు దూరింది. డ్రైవరు పక్క అద్దంలో లాఠీలు లేవడం కనిపించింది ఎల్లయ్యకు. రాజేందర్ మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

స్టేషన్‌లో రావు గారు రాజేందర్ భుజం తట్టి తన రైలువైపు నడిచారు. నాసిక్ రైలు కదిలింది.

"నాయినా, రమేష్‌గాడి సంగతి జర..." అన్నాడు రాజేందర్ తలుపు దగ్గర నిలబడి.

ఎల్లయ్య తల ఊపాడు. అంతే, కొడుకు వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేసరికి మాదాపూర్ రోడ్డు ఖాళీ. గంజు బోర్లాపడి అన్నం తారు మీద చిందిపోయి ఉంది. మనుషులను వ్యాన్లో ఎక్కించుకుపోయారు. ఎల్లయ్య కారు ఆపించి దిగాడు.

"గేటు కాడ డ్యూటీ ఉన్నది గదా కాకా?" అన్నాడు డ్రైవరు.

"నువ్ పో బిడ్డా. నా డ్యూటీ ఈడ్నే."

పొద్దు వాలేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

మరిచిపోకండి బిడ్డలూ. రేపు మీ పిల్లలకు మీరు చెప్పాలి. ఎల్లయ్య కొడుకు మిలటరీకి పోయాడని చెప్పి ఆపేయకండి. ఆ సాయంత్రం ఆయన దేనికి కాపలా కాశాడో కూడా చెప్పండి: కొత్త నల్ల బండి, సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయనేలేదు, తాళంచెవి దానికే వేలాడుతోంది.