కడగకూడని నేల

మా ముందు గది నేల నీళ్ళతో కడగకూడదు. ఈ ఒక్క సంగతి మా వాడకట్టులో ఎవరికీ తలకెక్కలేదు. దసరా వస్తోందంటే చాలు, సిద్దిపేటలో ప్రతి ఇంట్లోనూ బిందెలకొద్దీ నీళ్ళు గుమ్మరించి, అవి గడప దాటి వాకిట్లోకి పారేదాకా చీపురుతో నెడతారు. అప్పుడుగాని ఆడవాళ్ళకు మనసు నిమ్మళించదు. నేనేమో పిండిన గుడ్డ పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ తుడిచేదాన్ని. కడగని ఇల్లు శుభ్రమెట్లవుతుందని పక్కింటి పోచవ్వ ప్రతి పండక్కీ అడిగేది. నా ఇల్లు నా ఇష్టమని నేనూ పెడసరంగానే చెప్పేదాన్ని.

అది మా ఆయన భిక్షపతి పరిచిన కర్ర నేల. ఆయన పనే అది. కొత్త కాలనీల్లోనూ, ప్రజ్ఞాపూర్ దాకా రోడ్డు పొడుగునా లేచిన పెద్ద ఇళ్ళలోనూ పడకగదులకు చెక్క పరిచేవాడు. పని అయిపోయాక మిగిలిన ముక్కలు పారేస్తుంటే అడిగి తెచ్చుకునేవాడు. ఒకటి టేకు, ఒకటి నల్లటిది, ఒకటి తేనె రంగుది, ఒకటి ఏ దేశానిదో ఆయనకే తెలియదు. ఆదివారాలన్నీ కూర్చుని వాటిని కోసి, చిత్రిక పట్టి, ఒకదాని పక్కన ఒకటి కూర్చాడు. మాకు పిల్లలు లేరు. మనిద్దరికీ కలిసి పుట్టింది ఈ నేలేనని నేనంటే, మరి దీన్ని బడికెప్పుడు పంపుదామని నవ్వేవాడు.

తుడవడం కూడా ఆయనే నేర్పాడు. ముందు మెత్తటి చీపురుతో దుమ్మంతా తీసెయ్యాలి, ఇసుక ఉంటే గీతలు పడతాయి. గుడ్డను చుక్క కారనంత గట్టిగా పిండాలి. చెక్క మీద చారలు ఎటు పోతే అటే తుడిచి, ఆ వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. ఫినాయిల్ ఊసెత్తకూడదు. సందుల్లోకి నీళ్ళు దిగితే చెక్క ఉబ్బుతుంది, ఉబ్బితే లేస్తుంది, లేచిందంటే ఇక దాని పని అంతే అనేవాడు. పని చేసిన ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళకు ఈ పాఠం చెప్పి వచ్చేవాడు. నా దగ్గర మాత్రం ఒక్కోసారి రెండు మాటలు చెప్పి, నాకు చేతకాదని గుడ్డ లాక్కుని తనే తుడిచేసేవాడు.

మొన్న వానాకాలంలో ప్రజ్ఞాపూర్ నుంచి బండి మీద వస్తుంటే ఆయన్ని లారీ గుద్దింది. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయింది.

నంగునూరు నుంచి ఆయన వైపు పెద్దవాళ్ళు వచ్చారు. వాకిట్లో టెంటు వేయించి శవాన్ని అక్కడే ఉంచుదామన్నారు. బయట ప్రాణం పోయినవాణ్ణి గడప దాటించకూడదట. నాకు ఒళ్ళు మండిపోయింది. తన చేతులతో కట్టుకున్న ఇంట్లోకి ఆ మనిషి రాకూడదా? వెళ్ళి గడపకు అడ్డంగా కూర్చున్నాను.

"ఆయన పరిచిన కర్ర మీదనే ఆయనను పండవెట్టాలె. లేకుంటే నేను ఈడికెల్లి లేవ."

ఎంతమంది బతిమాలినా కదల్లేదు. చివరికి మా అత్త కొండవ్వే, దాని మాట కానివ్వమని పెద్దలకు చెప్పింది. ఆయన్ని లోపలికి తెచ్చి పడుకోబెట్టారు. అంత ఏడుపులోనూ నా మాట నెగ్గిందని నాకో మొండి తృప్తి. నా అంత బుద్ధితక్కువ మనిషి ఎక్కడైనా ఉంటుందా? శవం టెంటు కింద ఉంటే వాకిలి మాత్రం కడిగి ఊరుకునేవాళ్ళు. గదిలోకి తెప్పించాను కాబట్టి గదిని కడిగి తీరాలి. ఈ ముక్క నాకు అప్పుడు తట్టనే లేదు.

పాడె లేచింది. మగవాళ్ళంతా డప్పుల వెంట బొందలగడ్డకు కదిలారు. ఆయనతో కలిసి పనిచేసే మల్లేశమన్న పాడె మోస్తూ వెళ్ళాడు. ఆ నేల సంగతి తెలిసినవాడు అతనొక్కడే. మగవాళ్ళు తిరిగొచ్చేలోగా ఇల్లు కడిగి, శవం ఉన్నచోట దీపం పెట్టాలి. ఆడవాళ్ళు చీరలు పైకి దోపుకుని బిందెలు అందుకున్నారు.

నీళ్ళొద్దని అరిచాను. గుడ్డతో నేనే తుడుస్తానన్నాను. దుఃఖంతో నాకు మతి తప్పిందనుకున్నారు. నన్ను మూలన కూర్చోబెట్టి, లేవకుండా మా ఆడబిడ్డ ప్రవీణ రెండు చేతులతో చుట్టేసింది. మొదటి బిందె మా అత్త చేతిలో ఉంది.

"కడగకపోతే వాడు ఇల్లు ఇడిసిపెట్టి పోడు బిడ్డ," అంది. "ఈడ్నే తిరుక్కుంట తిప్పలవడుతడు. వానికి తొవ్వ ఇయ్యాలె."

"పోవద్దనే అంటున్న అత్తమ్మా."

ఆమె నా ముఖం కేసి చూసింది. కాసేపు బిందె అలాగే పట్టుకుని నిలబడింది. నాకు ఆశ పుట్టింది. అంతలో వెనక నుంచి ఎవరో, మగవాళ్ళు వచ్చేస్తారు కానివ్వమన్నారు. అత్త ఏడుస్తూనే బిందె వంచింది. దాని వెనక మరో బిందె, ఆ వెనక మరొకటి. పోచవ్వ కొబ్బరి చీపురుతో మూల మూలకూ నెట్టింది. ఇన్నాళ్ళకు ఈ నేలకు కడుగుడు భాగ్యం పట్టిందని ఎవరో అననే అన్నారు. నీళ్ళు పలకల సందుల్లోకి ఇంకడం నేను చూస్తూనే ఉన్నాను.

ప్రవీణ వదిలాక ఆయన లుంగీలతో, నా చీరలతో, చేతికందిన ప్రతి గుడ్డతో అద్దాను. ఫ్యాను ఆపలేదు. బయట ముసురు పట్టి ఉంది, ఇంట్లో గుడ్డే ఆరడం లేదు, చెక్క ఏం ఆరుతుంది? ముందు పలకల అంచులు పైకి తేలాయి. ఆ తర్వాత గది మధ్యలో ఉబ్బు లేచింది. దినాల నాటికి, భోజనానికి వచ్చినవాళ్ళు దాని మీద తట్టుకుని పడబోయారు. అందరూ నా వైపే చూశారు.

జనం వెళ్ళిపోయాక మల్లేశమన్న నేల మీద మోకాళ్ళూనాడు. ఒక్కో పలకనూ అరచేత్తో నొక్కి చూశాడు. చిత్రిక పడితే చదునవుతుందేమోనని అడిగాను. మళ్ళీ పరచవచ్చేమోనని అడిగాను. ఒక్క మూలైనా ఉంచవచ్చేమోనని కూడా అడిగాను.

"కాదు చెల్లె," అన్నాడు. "అడుగుకెల్లి మురిగింది. తీసుడే."

వేరేవాళ్ళ చేతుల్లో పెట్టడం ఇష్టం లేక మల్లేశమన్నే తీశాడు. అతికించిన పలకలు కావడంతో ఒక్కటీ సాఫీగా రాలేదు. చిట్లిపోయిన ముక్కలన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు. గదిలో గరుకు సిమెంటు మిగిలింది. అందరి ఇళ్ళలో ఉండే సిమెంటే, ఎన్ని బిందెలైనా పోసుకోవచ్చు.

ఆ సాయంత్రం మా అత్త వచ్చి నా పక్కన ఆ సిమెంటు మీద కూలబడింది. ఆమె మీద నాకు కోపం పోలేదు. చాలాసేపు గది నాలుగు మూలలూ చూసింది. ఏదో వినపడుతుందేమోనన్నట్టు కూర్చుంది.

"వాడు ఇగ మన ఇంట్ల లేడా బిడ్డ?" అని అడిగింది.

ఉన్నాడని ఒక్క మాట అంటే ఆ ముసలి ప్రాణం కుదుటపడేది. నాకు తెలుసు.

"నువ్వు తొవ్వ ఇచ్చినవ్ గద అత్తమ్మా. పోయిండు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు.