ముందు వరస సీసాలు

బుక్కరాయసముద్రం అవతల బాలప్ప చేనులో అంజూర పండ్లు మాగితే, ఆ వాసనకు గుత్తి కోట మీది కోతులు రైలెక్కి వస్తాయి. ఇది బాలప్ప మాట. టికెట్టు కొంటాయా అని అడిగితే, ముసలి కోతులకు సగం ధరే అంటాడు.

ఆయన కోడలు మల్లీశ్వరికి మాత్రం నవ్వే ఓపిక లేదు. పండ్లు నేలపాలు కాకుండా జాము చేసి సీసాలకెత్తుతోంది. అనంతపురంలో బదరీనారాయణ శెట్టి తన అంగడిలో పెట్టుకుంటానన్నాడు. తీరా చూస్తే, వారం తిరక్కముందే సగం సీసాల్లో బూజు. మూత నడిమధ్య లోపలికి గుంటబడి, గాలి చొరకుండా బిగుసుకోవాల. ఇవేమో వేలితో నొక్కితే టక్కుమని మళ్ళీ లేస్తాయి.

"ఈ తూరి గూడా ఇట్లే అయితే చెట్లు పీకేసి శెనక్కాయ ఏస్తా," అన్నాడు మొగుడు ఓబుళేసు. "అమ్ముడుపోని పండ్లకు నీళ్ళెందుకు దండగ?"

వానను నమ్ముకున్న శెనక్కాయ ఎట్ల ఎండిపోతాదో ఆయనకూ తెలుసు. అయినా అన్నాడంటే చేసే మనిషే.

మల్లీశ్వరి ఒక్కో అనుమానమే తీర్చుకుంటూ వచ్చింది. బోరునీళ్ళకు సీసా మూతి చుట్టూ తెల్లగా సుద్ద కడుతోందని చింతపండుతో తోమింది. జాము కారిన చోటల్లా తడిగుడ్డతో తుడిచింది. గొంతుదాకా నింపకుండా అర వేలెడు జాగా వదిలింది. మూతలు కొత్తవి తెప్పించింది. బిగించిన సీసాలను నీళ్ళలో ఉడికించి, గోనెసంచి మీద వరసగా ఆరబెట్టి, బర్రెను చూసుకోను పోయింది.

తెల్లారి నొక్కి చూస్తే మళ్ళీ అదే కత. అయితే ఒక వింత కనబడింది. గోడ పక్కనుండే వరసలో మూతలన్నీ చక్కగా గుంటబడినాయి. ముందు వరసవే లేస్తాండాయి.

"ఒకే పొయ్యి, ఒకే జాము. ఆ గోడలో ఏముండాదో," అని గొణుక్కుంది.

"మా అవ్వ ఉండాది," అన్నాడు గడప మీద కూర్చున్న బాలప్ప. "ఆమె పెట్టిన మూత పహిల్వానులే తీయలేకపోయిరి. ఒకడు బలంగా లాగితే మూత రాలేదు గానీ, వాని చెయ్యే ఊడి చేతికొచ్చింది."

"ఏ చేతికి మామా?"

"రెండో చేతికి," అన్నాడు తడుముకోకుండా.

మరుసటి వాయ దించినాక మల్లీశ్వరి బర్రె దగ్గరికి పోయినట్టే పోయి, తిరిగొచ్చి తలుపు సందులోంచి చూసింది. అత్త మారెక్క మోకాళ్ళు పట్టుకొని మెల్లగా వచ్చింది. కొంగుతో పట్టుకొని ముందు వరస మూతలు ఒక్కోటీ వదులు చేసింది. ఆవిరి బుస్సుమంటే తృప్తిగా తలూపింది. వెనక వరసకు వంగబోయి, నడుము పట్టేసి ఆగిపోయింది.

"అత్తా, ఏం చేస్తాండావు?"

మారెక్క బెదరలేదు. "వేడి మీద మూతేస్తే చెమట పట్టి బూజొస్తాదని నీకు ఊరుకాయ పెట్టేటప్పుడే చెప్పినా గదా. నువ్వు ఇనవు. అందుకే నేనే ఆవిరి పోనిచ్చి, ఆరినాక మళ్ళీ బిగిస్తాండా. నీ చెట్లు వాడు పీకకూడదని."

ఆ చివరి మాటకు మల్లీశ్వరి గొంతుదాకా వచ్చిన కోపం యాడికో పోయింది. అత్తను పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపటికి వెనక వరసలో ఒక మూత టిక్కుమని లోపలికి దిగింది.

"ఏందే అది?"

"లోపల చల్లారే కొద్దీ మూతను లాక్కుంటాది అత్తా. నువ్వు వదులు చేస్తే బయటి గాలి దూరుతాది. ఊరుకాయకు ఉప్పూ నూనే కాపు. దీనికి ఆ మూతే కాపు."

మారెక్క తాను వదులు చేసిన మూతల వైపు చూసింది. "అంటే, బూజు తెచ్చింది నేనే."

"నువ్వే."

"మెల్లగా చెప్పకూడదా."

"మెల్లగా చెప్పినా నువ్వే గదా అత్తా."

ఇద్దరూ నవ్వుకున్నారు. వదులైన వాటిని మల్లీశ్వరి మళ్ళీ బిగించి ఉడికించింది. సీసాల ముందు పీట వేసుకొని మారెక్క కావలి కూర్చుంది. బాలప్ప ఒకటి నొక్కబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

సీసాలు బాగా చల్లారినాక ఓబుళేసు చేను నుంచి వచ్చినాడు.

"సీసాల తప్పు ఏమీ ల్యాదురా, నేనే మూతలు తిప్పి చెడగొట్టినా," అంది మారెక్క. "ఇంగ చెట్ల మాట ఎత్తొద్దు."

ఆయన ఒక్కో మూత నొక్కుకుంటూ పోయినాడు. ఒకటి టక్కుమంది. దాన్ని తెరిచి రొట్టెకు పూసుకొని తిన్నాడు. తక్కినవేవీ కదల్లేదు. మళ్ళీ మొదటి నుంచి నొక్కి చూసినాడు. అప్పుడూ కదల్లేదు.

"నాయనా," అన్నాడు బాలప్పతో, "రేపు మోటారుకు కరెంటు ఎప్పుడిస్తారో కనుక్కో. అంజూర చెట్లకు నీళ్ళు కట్టల్ల."