వెర్నా మూడున్నర

టెన్నెసీ నుంచి వచ్చిన రాయ్స్ హ్యాచర్ మీద వెర్నా లిండ్‌క్విస్ట్‌కి మొదటిరోజే అనుమానం పుట్టింది. అరవై అయిదేళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు, అందరినీ ‘మేడమ్’ అంటాడు. కానీ ఆట కోర్టులో అతను నిలబడే తీరు వేరు. మోకాళ్ళు వంచి, బ్యాటు ఛాతీకి ఎదురుగా పట్టుకుని, పిట్టని చూసిన పిల్లిలా ఉంటాడు. అలా నిలబడేవాడు తేలికైన బంతిని వలలోకి కొడతాడా?

కొట్టాడు. ఒకసారి కాదు, ఆ ఉదయమే నాలుగుసార్లు.

మీసా ఊళ్ళోని ఆ రిటైరైనవాళ్ళ కాలనీలో, చిన్న బ్యాట్లతో వల మీదుగా బంతి కొట్టుకునే పికిల్‌బాల్ ఆడేవాళ్ళకి స్థాయి నిర్ణయించేది వెర్నాయే. డెబ్బై ఒక్క ఏళ్ళు. ఒకప్పుడు స్కూలు బస్సుల ఆఫీసులో పనిచేసింది. ఆలస్యానికి డ్రైవర్లు చెప్పే కథలు ముప్ఫయ్యేళ్ళు విన్నాక, అబద్ధం ఎదురుగా నిలబడితే ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది. బంతిని వల దాటించగలిగితే రెండున్నర. వరసగా పదిసార్లు తిప్పికొడితే మూడు. ఎప్పుడు బాదాలో, ఎప్పుడు వల పక్కన మెత్తగా జార్చాలో తెలిస్తే మూడున్నర. ఎదుటివాడు తప్పు చేసేదాకా ఓపిక పడితే నాలుగు. ఆమె మూడున్నర. బోర్డు మీద తన పేరు పక్కన ఆ అంకె ఉండటం ఆమెకి ఎంతో ఇష్టం.

మార్చిలో పోటీలు. స్థాయి దాచుకుని, కింది గుంపులో చేరి, పతకాలు ఎగరేసుకుపోయేవాళ్ళు ఏటా ఒకరిద్దరు తగులుతారు. ఈ రాయ్స్ అదే బాపతని వెర్నా తేల్చేసుకుంది.

గురువారం ఆరింటికే వచ్చి, చివరి కోర్టు వెనక పంపరపనస చెట్ల దగ్గర గోల్ఫ్ బండి ఆపి కూర్చుంది. రాయ్స్ కాలనీ బయటివాళ్ళతో ఆడుతున్నాడు. ఒక్క బంతి వలకి తగల్లేదు. ఎదుటివాళ్ళ కాళ్ళ దగ్గరే పడేస్తున్నాడు, వాళ్ళు గాల్లోకి లేపగానే ఒకే ఒక్క దెబ్బ.

“దొరికావు,” అనుకుంది వెర్నా.

ఎనిమిదింటికి అందరూ మంచినీళ్ళ కుళాయి దగ్గర చేరినప్పుడు నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది. పక్కనే నాడీన్ కుబియాక్ ఉంది. ఎనిమిదేళ్ళుగా వెర్నాతో జోడీగా ఆడుతున్న స్నేహితురాలు.

“మిస్టర్ హ్యాచర్, మీరు పోటీల్లో ఏ స్థాయికి పేరిచ్చారు?”

“నాలుగున్నర, మేడమ్. నిన్ననే ఇచ్చాను.”

వెర్నా ఖంగు తింది. చేతిలోని జాబితా తిప్పింది. నిజమే, పేరు పై గుంపులోనే ఉంది.

“మరి నాతో ఆడేటప్పుడు వలలోకి ఎందుకు కొడుతున్నారు? పొద్దున మీ ఆట చూశాను. నన్ను వెర్రిదాన్ని చేద్దామనా?”

రాయ్స్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. అతని చూపు ఒక్క క్షణం నాడీన్ వైపు వెళ్ళొచ్చింది.

ఆ చూపు వెర్నా చూసింది. గడిచిన నెలలన్నీ ఒక్కొక్కటే కళ్ళముందుకు వచ్చాయి. తనకి వచ్చే బంతులన్నీ ఎత్తుగా, నిదానంగా, కుడిచేతి వైపే ఎందుకొస్తాయి? ఎడమవైపు చివరిసారి బంతి వచ్చింది ఎప్పుడు? పదకొండు పాయింట్ల ఆటలో తొమ్మిది–తొమ్మిది దగ్గర ఎదుటివాళ్ళకి ఎప్పుడూ చెయ్యి జారుతుందేం?

“నాడీన్, వీళ్ళకి ఏం చెప్పావే?”

“ఏం చెప్తాను? ఎండ ముదురుతోంది, పద.”

“నా కళ్ళలోకి చూసి చెప్పు.”

నాడీన్ సీసా మూత బిగిస్తూనే ఉంది. “నీ భుజానికి ఆపరేషన్ అయి వచ్చావు కదా. ఒక వారం పాటు కుడివైపు మెల్లగా వెయ్యండ్రా అన్నాను. వారమేనే, ఒట్టు! నువ్వు గెలిచి అంత సంబరపడిపోయావు. ఆ తర్వాత ఆపమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.”

“ఆపరేషన్ అయి రెండేళ్ళయింది!”

“కొత్తగా ఎవరొచ్చినా నేనే చెప్తున్నాను,” నాడీన్ గొంతు చిన్నదైపోయింది.

వెర్నాకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అందరి స్థాయీ తూచే మనిషి తను. కుళాయి దగ్గర నవ్వే ప్రతి మొహమూ ఇప్పుడు దొంగమొహంలాగే కనిపించింది.

“బ్యాట్లు తీయండి,” అంది. “మిస్టర్ హ్యాచర్, మీరు అటు. నాడీన్, నువ్వూ అటే. ఇవాళ ఎవరైనా నా మీద జాలి చూపించారో, ఈ కోర్టులో మళ్ళీ కాలు పెట్టనివ్వను.”

తనకి జోడీగా వచ్చి నిలబడ్డ ఒక పెద్దాయన దేవుణ్ణి తలుచుకున్నాడు. పదకొండు–రెండుతో వెర్నా ఓడింది. బంతులు ఎడమవైపు వచ్చాయి, కాళ్ళ దగ్గర పడ్డాయి, భుజం మీదుగా దూసుకుపోయాయి. ఆ రెండు పాయింట్లూ సొంతంగా వచ్చినవో కాదో నాడీన్ మొహం చూసి పోల్చుకోవాలని చూసింది. నాడీన్ వగరుస్తోంది, అంతే.

వెర్నా బోర్డు దగ్గరికి వెళ్ళి తన అంకె చెరిపి, మూడు అని రాసింది. నాడీన్‌తో పన్నెండు రోజులు మాట్లాడలేదు. పదమూడోరోజు తనే వెళ్ళి, “ఎడమచేతి వైపు దెబ్బ నేర్పుతావా? నిజంగా నేర్పాలి,” అంది. నాడీన్ వెంటనే బూట్లు వెతుక్కుంది.

పోటీల్లో వెర్నా మూడో స్థాయి గుంపులో ఆడింది. రెండు ఆటలు ఓడి, మూడోది పదకొండు–తొమ్మిదితో గెలిచింది. గెలవగానే సంతోషం రాలేదు. వల అవతల ఉన్న, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన లైల్ మొహంలోకి అనుమానంగా చూసింది.

లైల్ బ్యాటు నేలకేసి కొట్టాడు. “ముసలిదానా, ఆ ఎడమచేతి దెబ్బ ఎక్కడ దొంగిలించావే!” అని అరిచాడు.

అప్పుడు నవ్వింది వెర్నా, కడుపు పట్టుకుని.