దేవవ్వ ముప్పై బీడీలు

దేవవ్వకు లెక్కలు రావని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. బడి ముఖం చూడలేదన్న మాట నిజమే. కానీ ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్నా ఆ లెక్కలో ఒక్క బీడీ తేడా రాలేదు. కొడిమ్యాల దగ్గరి ఆ ఊళ్లో ఆమె చాట ముందుకు వస్తే బీడీ కంపెనీ గుమాస్తా నరేందర్ కూడా నోరు అదుపులో పెట్టుకుంటాడు.

అటువంటి మనిషిని ఆ ఆదివారం మధ్యాహ్నం కన్నకూతురే లెక్కతో కొట్టింది.

స్వప్న జగిత్యాలలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. మర్నాడు కాలేజీలో ఉపన్యాసాల పోటీ. దేశం సంపాదనలో చదువుకు ఎంత పెట్టాలన్నది విషయం. ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఎవరికైనా చెప్పవచ్చని కాలేజీలో పాఠం చెప్పే దమయంతి మేడం అందట. అందుకని స్వప్న చాటలోంచి వంద బీడీలు తీసి చాప మీద పేర్చింది.

"గిది దేశం సంపాదన అనుకో అమ్మా. గిండ్ల ఆరు చదువుకు పెట్టాలని నేను పుట్టకముందు నుంచే అంటున్నరు." ఆరు బీడీలు పక్కకు జరిపి, అందులోంచి ఒకటి వెనక్కి తీసుకుంది. "గా ఆరు గూడ పూరాగ పెడ్తలేరు."

"నూటికి ఆరుకే గింత కిందమీద పడుతున్నరా?" అని దేవవ్వ పడీ పడీ నవ్వింది.

నవ్వకుండా ఉంటే బాగుండేది. "మరి మనింట్ల? గీ వంద నీ సంపాదన అనుకో" అంటూ స్వప్న అన్నీ కలిపేసి మళ్లీ ఏరసాగింది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కనుక దానికి ఏమీ తీయలేదు. పుస్తకాలకు కొన్ని, పరీక్ష ఫీజుకు కొన్ని, కంప్యూటర్ కోర్సుకు ఏకంగా గుప్పెడు. ముప్పై తేలాయి.

"దేశమే ఆరు పెట్టలేకపోతుంది, నువ్వు ముప్పై పెడ్తున్నవ్. నాన్న కూలి బియ్యానికే సరిపోతలేదు. పోటీ అయినంక కాలేజీ బంద్ పెడ్త అమ్మా. నరేందర్ సార్‌తోని మాట్లాడిన. నా పేరు మీద బీడీలు చుట్టెటందుకు కార్డు ఇస్తడట."

దేవవ్వకు తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. తిడితే వినే రకం కాదు, తండ్రి సామేలు పోలిక. ఏడిస్తే ఇంకా మొండికేస్తుంది. ఆమె చాప మీది బీడీల వంకే చూసింది.

"లెక్క తప్పు చేసినవ్ బిడ్డా."

"తప్పెక్కడిది? మళ్ల ఎంచు."

"ఎంచుడు కాదు. నువ్వు ముందుగాల వంద పెట్టి, గండ్లకెళ్లి నీయి తీసినవ్. నువ్వు బడికి పోకముందు నేను దినానికి ఏడు వందలే చుడుతుంటి. నడుం నొస్తే లేస్తుంటి. ఇంకో మూడు వందలు నువ్వు బడికి పోవట్టినంకనే నా చేతులకు అచ్చినయి. నువ్వు బంద్ పెడ్తే గవి ఇంటికి మిగుల్తయనుకుంటున్నవా? మిగలయి. గవి ఉండనే ఉండయి."

స్వప్న "మరి ఇప్పుడు నడుం నొస్తలేదా?" అని అడిగింది.

బిడ్డతో అబద్ధమాడబుద్ధి కాలేదు దేవవ్వకు. "ఎందుకు నొయ్యది? నొస్తది. సంబురం గూడ ఉంటది."

స్వప్న తల్లి ఒళ్లో ముఖం దాచుకుంది. తంబాకు వాసనకు తుమ్మింది, అయినా లేవలేదు. అలా పడుకునే నరేందర్‌కు ఫోన్ చేసి కార్డు వద్దని చెప్పింది. దేవవ్వ కళ్లు తుడుచుకుని, బిడ్డ తల నిమిరింది.

"గీ బీడీల ముచ్చట రేపు అందరి ముంగట చెప్పనా అమ్మా?"

దొరల పిల్లలు కూడా చదివే కాలేజీ అది. దేవవ్వ ఒక్క క్షణం జంకింది. ఒక్క క్షణమే.

"చెప్పు. మా అమ్మ అడుగుమన్నదని గిది గూడ అడుగు. ఆరు బీడీలు చుట్టెటందుకే గంత పెద్ద దేశానికి నడుం నొస్తదా?"