మూడో పేరాలో చావు

పడాంగ్ వెళ్ళే దారిలో, కారు బుకిట్టింగి దాటి మొదటి మలుపు తిరుగుతుండగా, తన తల్లి చచ్చిపోయిందని దెస్రినాకు తెలిసింది.

ఆ తల్లి వెనక సీట్లోనే ఉంది. ఒళ్ళో రెండాంగ్ మాంసం కూర గిన్నె పెట్టుకుని, నోరు తెరిచి, గురక పెడుతోంది.

దెస్రినా చేతిలోని కాగితాలను మళ్ళీ చూసింది. పొరపాటేమీ లేదు. నెదర్లాండ్స్‌లో కొండచరియల మీద చదువుకు స్కాలర్‌షిప్ కోరుతూ తను పంపిన వ్యాసం. అడుగున తన పేరు. మూడో పేరాలో చావు.

"ఆ వానకాలపు సాయంత్రం మా అమ్మ నా చేతుల్లో కన్నుమూసింది. అందంలో ఆమెకు సాటి రాగలవారు మార్కెట్టు మొత్తంలో లేరు. ఆమె వేయించే కర్రపెండలం చిప్స్ కోసం ఎక్కడో ఉన్న మేడాన్ నగరం నుంచి కూడా జనం వచ్చేవారు. చివరి శ్వాసలో ఆమె పలికింది ఒకే ఒక్క మాట: నెదర్లాండ్స్. పక్క దుకాణం ఎర్నిత కూడా ఏడ్చింది."

దెస్రినా పై ప్రాణాలు పైనే పోయాయి. మధ్యాహ్నం ఇంటర్వ్యూ. దరఖాస్తులో తెలిసి ఒక్క అబద్ధం రాసినా జన్మలో మళ్ళీ అప్లై చేయడానికి లేదని నిబంధనల్లో నల్లటి అక్షరాలతో ఉంది. ఇక్కడ చూస్తే ఏకంగా శవమే ఉంది.

తప్పంతా తనదే. వ్యాసం రాసి, నలుగురూ చూసి దిద్దుతారని ఆ ఫైలు లింకును ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పెళ్ళయినా, ఇల్లు కప్పినా, స్కాలర్‌షిప్ వ్యాసమైనా తలో చెయ్యి వేయకపోతే వాళ్ళ ఊళ్ళో ఎవరికీ తోచదు. గడువు చివరి రోజున వెబ్‌సైట్ మొరాయిస్తుంటే, అప్పటికే ఆ వ్యాసాన్ని చదివి చదివి వాంతికొచ్చే స్థితిలో ఉన్న దెస్రినా, కళ్ళు మూసుకుని ఆ ఫైల్లోంచి తీసి అంటించి పంపేసింది. మళ్ళీ చదవడం ఇదిగో, ఇప్పుడే.

కారులో ఇంకా ఇద్దరున్నారు. స్టీరింగు పట్టుకున్నది మేనమామ. వంశానికి పెద్ద, దాతుక్ బిరుదున్నవాడు, సభల్లో మాట్లాడితే కూర్చున్నవాళ్ళ కాళ్ళు తిమ్మిరెక్కిపోయేవి. ఆయన పక్కన వరసకు అన్న అయ్యే హెండ్రి. అదే స్కాలర్‌షిప్ మీద నెదర్లాండ్స్ వెళ్ళొచ్చి, ఇప్పుడు ఊళ్ళో పిల్లలందరికీ వ్యాసాలు రాయడం నేర్పుతున్నాడు.

తల్లిని ఈ ముగ్గురిలో... కాదు, ఈ ఇద్దరిలో ఒకరు చంపారు.

"మామయ్యా, కారాపు. టీ తాగాలి," అంది దెస్రినా.

"నువ్వు టీ తాగవు కదే?"

"ఇవాళ తాగుతాను."

లోయ దిగాక ఒక టీకొట్టు దగ్గర ఆగారు. గురక ఆగలేదు. దెస్రినా మగవాళ్ళిద్దరినీ కొట్టు వెనక్కి లాక్కెళ్ళి కాగితం ముక్కు మీద పెట్టింది.

"ఎవరు చంపారు?"

హెండ్రి చదివాడు. నోట్లో టీ బయటికొచ్చింది.

"ఇది నేను రాయలేదు రినా! ఒట్టు. నేను పిల్లలకు చెప్పే మొదటి పాఠమే అది. ఏడుపు అమ్ముకోవద్దు, నువ్వు కళ్ళారా చూసింది ఒక్కటి రాయి, అందులోంచి నీకు పుట్టిన ప్రశ్న రాయి, చదివొచ్చి ఏం చేస్తావో రాయి. అంతే. దీన్ని నేను రాసుంటే 'నెదర్లాండ్స్' అని ఊరుకుంటానా? యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు కూడా పలికించేవాడిని."

"మరి నువ్వు ఏం ముట్టుకోలేదా?"

హెండ్రి తల గోక్కున్నాడు. "రెండో పేరాలో 'కొండ జారుతుంది' అని ఉంటే... 'వాలు ప్రాంతపు అస్థిరత సంభవిస్తుంది' అని మార్చాను."

"అన్నా!"

"బాగుంటుందనుకున్నాను."

దెస్రినా మేనమామ వైపు తిరిగింది. దాతుక్ మీసం సవరించుకున్నాడు.

"నా మీద అనుమానమా? మేనమామ మీదా?"

"మొదటి పేరాలో ఈ నాలుగు లైన్లు ఎవరివి మామయ్యా? 'పది వేళ్ళు జోడించి, పదకొండోదిగా తల వంచి, పెద్దలకూ పిన్నలకూ, కూర్చున్నవారికీ నిలబడ్డవారికీ క్షమాపణ చెప్పుకుని...'"

"అది నాదే," అన్నాడు దాతుక్ గర్వంగా. "క్షమాపణ లేకుండా మాట మొదలుపెడితే మనల్ని ఎవరు పెంచారంటారు? వంశం పరువు తీస్తావా? కానీ చావు నాది కాదు. నా తోబుట్టువును నేను చంపుకుంటానా? చంపినా ఇంత పొట్టిగా చంపుతానా? కనీసం రెండు పేజీలు పడుతుంది నాకు."

ఆ మాట మాత్రం నిజమని ఇద్దరూ ఒప్పుకున్నారు.

తిలా పాపం తలా పిడికెడు. కానీ పెద్ద పాపం ఎవరిదో తేలలేదు. దెస్రినా కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ తిరిగింది.

"ఎవరు చంపారన్నది తర్వాత చూద్దాం. శవం సంగతి ఏం చేద్దాం? అమ్మ లోపలికి వస్తానని రెండు రోజుల నుంచి పొయ్యి దగ్గర నిలబడి ఆ మాంసం ఇగిర్చింది. జడ్జీలకు తన చేత్తో పెడుతుందట!"

"కారులోనే ఉంచి తాళం వేద్దాం," అన్నాడు హెండ్రి.

"నా చెల్లెలినా? నువ్వు వెయ్యి చూద్దాం తాళం," అన్నాడు దాతుక్. తర్వాత గొంతు తగ్గించాడు. "పిన్ని అని చెబుదాం. పోలికలుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నువ్వు మాత్రం అమ్మ ప్రస్తావన వస్తే తల వంచుకో, నోరు తెరవకు. మనలో తల వంచడం మర్యాద. అబద్ధం కింద లెక్క కాదు."

కారు తలుపు తీసి దాతుక్ చెల్లెలిని తట్టి లేపాడు. "ఒసేయ్, ఇవాళ ఎవరైనా అడిగితే నువ్వు రినాకు పిన్నివి."

ఆవిడ కళ్ళు నులుముకుంది. "పిన్నినా? సరే. గిన్నె మూత గట్టిగా ఉందా చూడు."

ఎందుకు అని అడగలేదు. పొద్దున లేస్తే ఉప్పు ఎందుకు ఉప్పగా ఉందని కూడా తగువేసుకునే మనిషి. ఆ గాభరాలో దెస్రినా అది గమనించలేదు.

పడాంగ్‌లో ఇంటర్వ్యూ జరిగే భవనం గుమ్మం దగ్గరే గార్డు గిన్నెను ఆపాడు. అమ్మ గార్డును ఆపింది. ఆ రభసలో దెస్రినా పేరు పిలిచారు. ఆమె ఒక్కతే లోపలికెళ్ళింది.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న రెత్నో మేడం జావా మనిషి. మెత్తటి గొంతు, మెత్తటి నవ్వు. అలాంటి గొంతుతోనే మనుషుల్ని ఫెయిల్ చేస్తారని హెండ్రి ముందే హెచ్చరించాడు.

"కూర్చో తల్లీ. ముందుగా మీ అమ్మగారి విషయంలో మా అందరి సానుభూతి."

దెస్రినా తల వంచుకుంది.

మామయ్య చెప్పింది నిజమే. తల వంచడం ఎంత తేలికో! ఇలాగే ఇంకో రెండు నిమిషాలు వంచుకుంటే చాలు, మాట కొండల మీదికి, వానల మీదికి మళ్ళుతుంది. అక్కడ ఆమెను కొట్టేవాడు లేడు. తర్వాత విమానం, చలి, మంచి ప్రయోగశాల. చిన్నప్పటి నుంచి ఆమె కోరుకున్నదంతా ఆ వంచిన తలకు అవతలే ఉంది.

అప్పుడు తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది.

"బాబూ, మూత తీసి చూసుకో! బాంబు కాదు, మాంసం! ఒక ముక్క నోట్లో వేసుకుంటే నువ్వే తలుపు తీస్తావు!"

ముగ్గురు జడ్జీలూ తలుపు వైపు చూశారు.

"ఎవరావిడ?" అంది రెత్నో మేడం.

పిన్ని అనే మాట దెస్రినా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ నాలుక చివరే ఆగిపోయింది. అంతగా బతికున్న మనిషిని, అంత గట్టి గొంతును, కాగితం మీదే కాకుండా ఇప్పుడు నోటితో కూడా చంపాలా?

తల ఎత్తింది.

"మా అమ్మ, మేడం. మూడో పేరా అబద్ధం. నేను రాయలేదు, కానీ చూసుకోకుండా పంపాను. పేరు నాది, తప్పు నాది. ఈ ఉదయం కారులో చదివేదాకా నాకు తెలియదు. తెలిశాక కూడా చెప్పకుండా గట్టెక్కుదామనే వచ్చాను. అది కూడా చెప్పాలి కదా, చెబుతున్నాను."

చివర కూర్చున్న బట్టతల ఆయన ఏదో రాసుకోబోయి ఆగాడు.

"నువ్వు రాసిన మూడో పేరా ఏది? గుర్తుందా?" అంది రెత్నో మేడం.

గుర్తుండకేం? వాంతికొచ్చేదాకా చదివిన పేరా అది. దెస్రినా కళ్ళు మూసుకుని చెప్పింది.

"వాన పడితే చాలు, రేపు లోయలో రోడ్డు మూసేస్తారని మా అమ్మ తీర్మానిస్తుంది. ఆ రోజు చిప్స్ వేయించదు. రోడ్డు భేషుగ్గా ఉంటుంది, పడాంగ్ బేరాలన్నీ పక్క దుకాణం ఎర్నితకు పోతాయి. ఎండ చూసి అమ్మ కొండంత చిప్స్ వేయించిన రోజునే కొండ జారుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ అంచనా ఒక్కసారి కూడా నిజం కాలేదు. అమ్ముడుపోక మెత్తబడిన చిప్స్ తిని పెరిగాను నేను. రోడ్డు మీద ఆ సమయంలో ఉన్నవాళ్ళు మాత్రం మెత్తబడిన చిప్స్‌తో తప్పించుకోలేదు. మా కొండ ఎప్పుడు జారుతుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, అందరూ ఊహిస్తారు. ఆ ఊహ బదులు కొలత పెట్టడం నేర్చుకోవాలి. నేర్చుకుని ఆ లోయకే తిరిగి రావాలి."

బట్టతల ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వి, "ఒక్కసారి కూడా నిజం కాలేదా?" అని అడిగాడు.

"ఒక్కసారి కూడా లేదండి."

రెత్నో మేడం కాగితం దగ్గరికి లాక్కుని మూడో పేరా మీద అడ్డంగా గీత కొట్టింది.

"మంగళవారం మా ఆఫీసు వాళ్ళు వివరాలు సరిచూడ్డానికి మీ ఇంటికి ఫోన్ చేశారు తల్లీ. ఒకావిడ ఎత్తి, తనే అమ్మనని చెప్పింది. గట్టిగా మాట్లాడమంది. నువ్వు ఇవాళ ఆవిడను బతికిస్తావా, ఇంకోసారి చంపుతావా అని పొద్దున్నుంచి మేము ముగ్గురమూ పందెం కాస్తున్నాం. తల వంచుకుని ఉండిపోతే ఈ పాటికి బయట ఉండేదానివి." కాగితం తిప్పి ఆమె ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పిందే దీని వెనక రాసి సంతకం పెట్టు. మార్కులు దానికి వేస్తాం. ఫలితం వచ్చే నెల. అక్కడ చలి ఎక్కువ, మందపాటి కోటు ఇప్పటి నుంచే చూసుకో."

ఆ చివరి మాట అర్థం కావడానికి దెస్రినాకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కలం అందుకుని రాయడం మొదలుపెట్టింది.

"కానీ ఇంత చక్కటి పేరాను తీసేసి ఆ చావును ఎవరు పెట్టారు?" అన్నాడు బట్టతల ఆయన. "నాకు రాత్రికి నిద్ర పట్టదు."

తలుపు తెరుచుకుంది. మొదట గిన్నె వచ్చింది, దాని వెనక అమ్మ వచ్చింది, ఆవిడ వెనక నోట్లో ఏదో నములుతూ గార్డు వచ్చాడు. గుమ్మం అవతల దాతుక్, హెండ్రి ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు.

అమ్మ గిన్నెను జడ్జీల బల్ల మీద పెట్టి, తల ముసుగు కొసతో చేతులు తుడుచుకుంది.

"నేనేనండి. నన్ను నేనే చంపుకున్నాను. మా హెండ్రికి స్కాలర్‌షిప్ వచ్చింది, వాడికి తండ్రి లేడు. మసీదు పక్క వీధి పిల్లకు వచ్చింది, దానికి అమ్మమ్మ పోయింది. మా ఇంట్లో చూస్తే అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. ఒక్క చావూ లేకుండా నా కూతురికి ఎవరిస్తారని గుబులు పట్టుకుంది. పోనీ ఎవరినైనా చంపుదామంటే మాత్రం ఎవరిని చంపను? మాలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది, దీని నాన్న మా ఇంటికొచ్చిన అల్లుడు, ఆయన వాళ్ళ అమ్మ వంశం సొత్తు. ఆయన్ని చంపాలంటే ఆడపడుచులను అడగాలి, వాళ్ళు నాకు చక్కెర కూడా అరువివ్వరు. మా అన్నను చంపుదామా అంటే దాతుక్ పోయాడంటే కొత్త దాతుక్‌ను నిలబెట్టాలి, దున్నపోతును కోయాలి, ఊరందరికీ అన్నం పెట్టాలి. ఎక్కడ తేను? వంశంలో ఎవరినీ అడక్కుండా నేను చంపుకోగలిగింది నన్నొక్కదాన్నే. పైగా అది రాసిన పేరా చదివాక నాకు ఒళ్ళు మండిపోయింది మేడం. ఒక్కసారి కూడా నిజం కాలేదట! ఎర్నిత పేరు కూడా పెట్టింది! దేశంకాని దేశం వాళ్ళ ముందు అలా బతికుండే కంటే చావడమే మర్యాద అనిపించింది. అందుకే వంట చేస్తూనే ఫోన్‌లో దాని పేరా చెరిపేసి నా చావు నేనే రాసుకున్నాను, రాస్తూ ఏడ్చాను కూడా. అంతా బాగానే కుదిరింది. కానీ మంగళవారం మీ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నూనె కాగుతోందండి. ఆ హడావిడిలో నేను చచ్చిపోయిన సంగతే మర్చిపోయాను."